పెట్టిన బలం నీటిదాకా చేరాలి: రేసు పడవలు కట్టేవాళ్ళ గురించి ఒక ప్రసంగం

అందరికీ నమస్కారం. ఈ హాల్లో మెకానికల్ పిల్లలు, నేవల్ ఆర్కిటెక్చర్ పిల్లలు ఇద్దరూ ఉన్నారని ప్రిన్సిపాల్ గారు చెప్పారు. అందుకని కాస్త లెక్క, కాస్త చరిత్ర కలిపి మాట్లాడతాను. ఎక్కడైనా అర్థం కాకపోతే చెయ్యెత్తండి, ఆగుతాను.

విశాఖలో పుట్టి పెరిగినవాళ్ళకి ఓడలు కట్టడం కొత్త కాదు. ఇక్కడి షిప్‌యార్డులో అన్నీ వేల టన్నుల లెక్కలే. నేను ఈ రోజు చెప్పబోయేది పధ్నాలుగు కిలోల పడవ గురించి.

రోయింగ్‌లో ఒక్కరే కూర్చుని రెండు తెడ్లు వేసే రేసు పడవని సింగిల్ స్కల్ అంటారు. పొడవు సుమారు 8 మీటర్లు. నీటి మట్టం దగ్గర వెడల్పు 28, 29 సెంటీమీటర్లు. అంటే అందులో కూర్చున్న మనిషి భుజాల వెడల్పు కన్నా పడవే సన్నం. అంతర్జాతీయ నిబంధనల ప్రకారం దాని బరువు 14 కిలోలకి తగ్గకూడదు. సీటు, బూట్లు, తెడ్లని పట్టుకునే రిగ్గర్లు, అన్నీ ఆ 14 కిలోల్లోనే. మన ఇళ్ళకొచ్చే గ్యాస్ బండలో నింపే గ్యాస్ ఒక్కటే 14.2 కిలోలు. అంత బరువున్న పడవ 90 కిలోల మనిషిని మోస్తుంది. 2017లో పోలండ్‌లోని పోజ్నాన్‌లో న్యూజిలాండ్ రోయర్ రాబీ మాన్సన్ ఇలాంటి పడవలో 2000 మీటర్లని 6 నిమిషాల 30.74 సెకన్లలో దాటాడు. సెకనుకి ఐదు మీటర్ల పైమాటే.

ఈ పడవకి ఇంజిన్ లేదు, తెరచాప లేదు. ఉన్నదల్లా మనిషి కాళ్ళు, నడుము, చేతులు. రోయర్ ఒళ్ళు హూనం చేసుకుని పుట్టించిన బలం దారిలో ఎక్కడా వృథా కాకుండా నీటిదాకా చేరాలి. పడవ కట్టేవాళ్ళ పని అంతవరకే అని నా నమ్మకం. వేగం అమ్ముతామని చెప్పే కంపెనీని నేను నమ్మను. నీ బలాన్ని ఎక్కడా పోనివ్వం అని చెప్పే కంపెనీని నమ్ముతాను. ఈ గంటసేపూ చెప్పేది ఆ తేడా గురించే.

ముందు ఆ బలం ఎక్కడ పోతుందో చూద్దాం. ఇలాంటి సన్నటి పడవకి ఎదురయ్యే మొత్తం నిరోధంలో సుమారు ఐదింట నాలుగు వంతులు పడవ ఒంటికి నీళ్ళు ఒరుసుకోవడం వల్ల వచ్చేదే, స్కిన్ ఫ్రిక్షన్. అలలు పుట్టించడంలో పోయేది కొంచెం. గాలి నిరోధం ఇంకొంచెం. అంటే తడిసే ఉపరితలం ఎంత తగ్గితే అంత మంచిది. ఒక అడ్డుకోత వైశాల్యానికి అతి తక్కువ చుట్టుకొలత ఇచ్చే ఆకారం ఏది? అర్ధవృత్తం. అందుకే రేసు పడవల అడుగు దాదాపు అర్ధవృత్తంలా ఉంటుంది. దానివల్ల వచ్చే కష్టం కూడా మీరు ఊహించగలరు. గుండ్రటి అడుగుకి సొంతంగా నిలబడే గుణం లేదు. తెడ్లు రెండు పక్కలా నీటి మీద ఆనకపోతే సింగిల్ స్కల్ క్షణంలో బోల్తా పడుతుంది. మొదటి వారం నేర్చుకునేవాళ్ళంతా నీళ్ళలో పడేది అందుకే.

ఇంకో లెక్క. నిరోధం వేగం వర్గానికి అనుపాతంలో పెరుగుతుంది, కావలసిన శక్తి వేగం ఘనానికి. కాబట్టి నిరోధాన్ని ఒక శాతం తగ్గిస్తే అదే శక్తితో వేగం పెరిగేది ఒక శాతంలో మూడో వంతు మాత్రమే. చాలా తక్కువ అనిపిస్తోందా? 2000 మీటర్ల మీద అది ఆరున్నర మీటర్లు. పెద్ద రేసుల్లో బంగారు పతకానికీ నాలుగో స్థానానికీ మధ్య అంతకన్నా తక్కువ తేడా ఉన్న సందర్భాలు బోలెడు.

మరి ఆకారంలో ఏదైనా మాయ చేసి ఇంకో ఐదు శాతం తగ్గించొచ్చు కదా అని అడుగుతారు. ఇక్కడే చాలామంది పొరబడతారు. పొడవు, సన్నదనం, గుండ్రటి అడుగు, ఈ మూడూ తేలిపోయి వందేళ్ళు దాటింది. ఈ రోజు మంచి కంపెనీల పడవల మధ్య ఆకారంలో తేడాలు మిల్లీమీటర్లలోనే ఉంటాయి. అసలు పని మిగిలింది పదార్థంలో, బిగువులో, మనిషికి పడవ కుదరడంలో. అది అర్థం కావాలంటే చెక్క రోజుల నుంచి మొదలుపెట్టాలి.

జార్జ్ పోకాక్ 1891లో ఇంగ్లండ్‌లో థేమ్స్ నది ఒడ్డున కింగ్‌స్టన్‌లో పుట్టాడు. తండ్రి ఆరన్ పోకాక్ ఈటన్ కాలేజీకి పడవలు కట్టే మేస్త్రి. పిల్లలు చిన్నప్పటి నుంచీ ఆ షెడ్డులోనే పని నేర్చుకున్నారు, అక్కడే తెడ్డు పట్టారు. జార్జ్ ఒక స్కల్లింగ్ పందెంలో గెల్చిన డబ్బు దాచుకుని, 1911లో అన్న డిక్‌తో కలిసి కెనడాలోని వాంకూవర్ వెళ్ళాడు. అక్కడ ఇద్దరూ నీటి మీద తేలే చిన్న వర్క్‌షాపులో అక్కడి రోయింగ్ క్లబ్బు కోసం పడవలు కట్టడం మొదలుపెట్టారు.

1912లో సియాటిల్ నుంచి హైరమ్ కోనిబేర్ వెతుక్కుంటూ వచ్చాడు. వాషింగ్టన్ యూనివర్సిటీ రోయింగ్ కోచ్. ఎనిమిది మంది వేసే ఎయిట్లు పన్నెండు కావాలన్నాడు. అన్నదమ్ములు సంబరపడి తండ్రిని కూడా ఇంగ్లండ్ నుంచి రప్పించారు. తీరా చూస్తే యూనివర్సిటీ దగ్గరున్న డబ్బు ఒక్క పడవకే సరిపోయింది. పన్నెండు కాస్తా ఒకటైంది. అయినా వాళ్ళు వెనక్కి వెళ్ళలేదు. 1909లో జరిగిన ఒక ఎగ్జిబిషన్ కోసం క్యాంపస్‌లో కట్టి వదిలేసిన టీ రూమ్‌నే వర్క్‌షాపుగా మార్చుకుని ఆ ఒక్క పడవ కట్టారు.

ఆ తర్వాత వచ్చిన మనిషి పేరు మీకు బాగా తెలుసు, విలియం బోయింగ్. అప్పట్లో ఆయన నీటి మీద దిగే విమానాలు కట్టే ప్రయత్నంలో ఉన్నాడు. వాటి కింద తేలడానికి పాంటూన్లు కావాలి. అవి తేలిగ్గా ఉండాలి, గట్టిగా ఉండాలి, చుక్క నీరు లోపలికి రాకూడదు. పోకాక్ సోదరుల చెక్కపని చూసి పనిలో పెట్టుకున్నాడు. జార్జ్ 1922 దాకా అక్కడే ఉన్నాడు. ఇది నాకు చాలా ఇష్టమైన ముచ్చట. తక్కువ బరువులో ఎక్కువ గట్టితనం అనే ఒకే విద్య ఆ రోజుల్లో ఒక షెడ్డులో రేసు పడవ అయింది, పక్క షెడ్డులో విమానం భాగం అయింది. అరవై ఏళ్ళ తర్వాత ఆ బాకీ తీరింది. విమానాల కోసం వచ్చిన కార్బన్ ఫైబరే పడవల్లోకి వచ్చింది.

బోయింగ్ నుంచి బయటికొచ్చాక జార్జ్ యూనివర్సిటీ దగ్గర మళ్ళీ పడవలు కట్టడానికి కూర్చున్నాడు. మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో నేవీ విమానాల కోసం కట్టిన పాత హ్యాంగరే ఆయన చోటు. 1923లో న్యూయార్క్ రాష్ట్రంలోని పకీప్సీలో జరిగిన కాలేజీల రెగట్టాలో, అంటే పడవ పందేల పోటీలో, వాషింగ్టన్ జట్టు ఆయన పడవలో గెల్చింది. పశ్చిమ తీరం నుంచి వెళ్ళి అక్కడ గెల్చిన మొదటి జట్టు అది. ఇక ఆర్డర్లు ఆగలేదు. ఏళ్ళు గడిచేసరికి అమెరికాలో రోయింగ్ ఉన్న కాలేజీల్లో చాలావాటికి పడవలు వెళ్ళేది ఆ ఒక్క షెడ్డు నుంచే. తమలో తాము పోటీపడే జట్లన్నీ ఒకే మేస్త్రి కట్టిన పడవల్లో పోటీపడేవి. ఆయన పని చేసే చోట ఒక జట్టు ఉంది, దాని శత్రువులందరికీ కూడా అంతే మంచి పడవ పంపించేవాడు. అది చిన్న విషయం కాదు.

ఇప్పుడు అసలు చెక్క గురించి. కాస్త వివరంగా చెప్తాను, ఎందుకంటే నాకు ఈ భాగం మీద మక్కువ.

అప్పటిదాకా పడవల పైపొరకి దక్షిణ అమెరికా నుంచి దిగుమతయ్యే స్పానిష్ సెడార్ అనే చెక్క వాడేవారు. 1927లో జార్జ్ దాన్ని వదిలేసి, తన చుట్టూ అడవుల్లోనే పెరిగే వెస్టర్న్ రెడ్ సెడార్‌కి మారాడు. ఆ తీరంలోని ఆదివాసులు తరతరాలుగా పెద్ద పెద్ద దోనెలు తొలుస్తున్నది ఆ చెట్టు మానులోనే. బరువు బాగా తక్కువ, తేమకి త్వరగా కుళ్ళదు, నార తిన్నగా నడుస్తుంది. ఆ చెక్కని ఆయన అంగుళంలో 32వ వంతులు మూడు, అంటే సుమారు 2.4 మిల్లీమీటర్ల మందానికి చిత్రికపట్టేవాడు. ఎనిమిది మంది మగవాళ్ళు, వాళ్ళకి దారి చూపుతూ చుక్కాని పట్టే ఒక కాక్స్, మొత్తం ఏడువందల కిలోల దాకా బరువు. వాళ్ళకీ నీళ్ళకీ మధ్య రెండున్నర మిల్లీమీటర్ల చెక్క కూడా లేదు.

అంత పలచటి పలకని గుండ్రంగా వంచాలంటే పొడిగా వంచితే పుటుక్కుమంటుంది. అందుకని పడవని తలకిందులుగా, ముందే సిద్ధం చేసిన చట్రం మీద కడతారు. కింద పొడవునా వెన్నుపట్టె, దానికి పక్కటెముకలు. పలకని చట్రం మీద పరిచి, పైన దుప్పట్లు కప్పి ఆవిరి పట్టిస్తారు. వేడికీ తేమకీ చెక్క మెత్తబడి మెల్లగా ఒంపులో ఒదుగుతుంది. అప్పుడు పట్టీలు బిగించి ఆరనిస్తారు. పూర్తిగా ఆరాక తీసి, జిగురు పెట్టి చట్రానికి అతికిస్తారు.

ఇక్కడ జార్జ్ గమనించిన సంగతి చాలా గొప్పది. ఆరిన సెడార్ తర్వాత గాలిలోని తేమ పీల్చుకుని మళ్ళీ కొంచెం సాగాలని చూస్తుంది. చెక్క నిలువునా సాగేది అతి స్వల్పం, మీ మెటీరియల్స్ పుస్తకంలో దాన్ని వదిలేయొచ్చని రాసి ఉంటుంది. కానీ ఎయిట్ పొడవు 18 మీటర్లు. ఆ పొడవు మీద అతి స్వల్పం కూడా మిల్లీమీటర్లలో కనిపిస్తుంది. లోపలి గట్టి కర్రతో చేసిన వెన్నుపట్టె మాత్రం సాగదు. పైపొర సాగాలంటుంది, వెన్ను సాగనివ్వదు. దాంతో పడవ ముందు కొస, వెనక కొస కొద్దిగా పైకి లేచి, మొత్తం పడవలో ఒక బిగువు నిలిచిపోతుంది. ఇంజినీర్లు ఇప్పుడు ప్రీ-స్ట్రెస్ అంటారు. ప్రతి తెడ్డు వేటుకీ పడవ సాగిలపడకుండా, చురుగ్గా ముందుకి దూకినట్టు ఉందని రోయర్లు చెప్పుకున్నారు. చెక్క గుణాన్ని లోపంగా చూడకుండా పనికి వాడుకోవడం అంటే అది. కోరంగి, తాళ్ళరేవు ప్రాంతంలో చెక్క పడవలు కట్టే మన మేస్త్రుల పని చూసినవాళ్ళకి ఇలాంటి ఆలోచన కొత్తగా ఉండదు. పలక ఏ వైపు లాగుతుందో వాళ్ళు చేత్తో తడిమి చెప్తారు.

1936 బెర్లిన్ ఒలింపిక్స్ గురించి చెప్పకుండా పోకాక్ కథ ముగించలేను. వాషింగ్టన్ యూనివర్సిటీ కుర్రాళ్ళు అమెరికా జట్టుగా వెళ్ళారు. పడవ పేరు హస్కీ క్లిప్పర్. దాన్ని కట్టిన జార్జ్ కూడా జట్టుతోపాటే బెర్లిన్ వెళ్ళాడు, పడవ బాగోగులు చూసుకోవడానికి. ఆగస్టు 14న బెర్లిన్‌లోని గ్రూనావ్‌లో ఫైనల్. అమెరికా 6 నిమిషాల 25.4 సెకన్లు, ఇటలీ 6:26.0, జర్మనీ 6:26.4. మూడు జట్లూ ఒక్క సెకను తేడాలో. ఆ వేగానికి ఒక్క సెకనంటే ఐదు మీటర్ల చిల్లర, పడవ పొడవులో మూడో వంతు కూడా లేదు. పడవ వల్లే గెల్చారని నేను అనను, అలా అంటే తెడ్డు వేసినవాళ్ళకి అన్యాయం చేసినట్టే. కానీ అన్ని వారాల ప్రయాణం, ఓడలోకి ఎక్కించడం, దించడం, తేమ, ఎండ, ఇన్ని తట్టుకుని ఆ పడవ రేసు రోజున కట్టిన రోజులాగే ఉంది. అంత సన్నటి తేడాతో తేలిన రేసులో అది తక్కువ సాయం కాదు. ఆ పడవ ఇప్పటికీ ఉంది. సియాటిల్‌లో కోనిబేర్ పేరు పెట్టిన రోయింగ్ భవనంలో భోజనశాల పైకప్పుకి వేలాడుతుంది. రోజూ దాని కిందే కుర్రాళ్ళు అన్నం తింటారు.

జార్జ్ 1976లో పోయాడు. కొడుకు స్టాన్ పోకాక్ కోచ్‌గానూ, పడవల మేస్త్రిగానూ పనిచేసి, చెక్క నుంచి ఫైబర్ గ్లాస్ వైపు కంపెనీని నడిపించాడు. తర్వాత అది చేతులు మారింది, ఇప్పుడు సియాటిల్ దగ్గరి ఎవరెట్‌లో కార్బన్ పడవలు చేస్తున్నారు. పేరు మాత్రం పోకాకే.

చెక్క ఎందుకు పోయింది? చెక్క పడవ కట్టడానికి ఏళ్ళ అనుభవమున్న చేతులు కావాలి. తేమ పెరిగితే బరువు పెరుగుతుంది. వయసు మీదపడేకొద్దీ బిగువు సడలుతుంది. బిగువు సడలితే ఏమవుతుందో ఒక్కసారి ఆలోచించండి. రోయర్ తెడ్డు లాగినప్పుడు ఆ బలం రిగ్గర్ చివర తెడ్డుని పట్టి ఉంచే గేటు మీద పడుతుంది. అదే సమయంలో కాళ్ళు, పాదాలు ఆనించే ఫుట్ స్ట్రెచర్‌ని ఎదురు దిక్కులో తన్నుతాయి. ఈ రెండింటి మధ్య పడవ ఒళ్ళు మెలి తిరుగుతుంది. తెడ్డు ఆకుకి నాలుగు డిగ్రీల వాలు పెట్టుకున్నామనుకోండి. పడవ మెలి తిరిగి అందులో ఒకట్రెండు డిగ్రీలు మారినా ఆకు నీళ్ళలో లోతుకి దిగిపోతుంది, లేదా పైకి జారిపోతుంది. రోయర్ దాన్ని సర్దుకోవడానికి మణికట్టు బిగిస్తాడు. బలం పోయేది అక్కడ. ఎయిట్‌లో అయితే మొదటివాడు నీళ్ళు పట్టుకున్న క్షణానికీ ఎనిమిదోవాడు పట్టుకున్న క్షణానికీ మధ్య పడవే ఊగుతుంది.

కార్బన్ ఫైబర్ ఈ జబ్బుకి మందు. ఈ రోజు పెద్ద కంపెనీలన్నీ వాడే పద్ధతి శాండ్‌విచ్. మిల్లీమీటర్‌లో ఏ కొంతో మందమున్న కార్బన్ పొర, దాని మీద తేనెపట్టులా గదులు గదులుగా ఉండే, నోమెక్స్ అనే సింథటిక్ కాగితంతో చేసిన హనీకూంబ్ కొన్ని మిల్లీమీటర్లు, మళ్ళీ కార్బన్ పొర. ఐ-బీమ్ లెక్క మీకు తెలుసు కాబట్టి ఎందుకో నేను చెప్పనక్కర్లేదు. రెండు పొరల్నీ దూరం జరిపితే బరువు పెద్దగా పెరగకుండానే గట్టితనం అమాంతం పెరుగుతుంది. అచ్చులో మొదట పైరంగు, తర్వాత రెసిన్ అనే జిగురు పట్టిన కార్బన్ గుడ్డ, హనీకూంబ్, ఇంకో గుడ్డ, వరసగా పరుస్తారు. పైన ప్లాస్టిక్ సంచి కప్పి వ్యాక్యూమ్ లాగుతారు, తర్వాత వేడి గదిలో ఉంచుతారు. సంచిలో సూది మొనంత రంధ్రం ఉన్నా గాలి చేరి పొరలు సరిగ్గా అంటుకోవు. చెక్క రోజుల్లో చిత్రిక పట్టినవాడి చేతిలో ఉన్న శ్రద్ధ ఇప్పుడు ఆ సంచి అంచులు అతికించేవాడి చేతిలో ఉండాలి.

ఈ మార్పుల్లో బాగా వినబడే పేరు జర్మనీకి చెందిన ఎంపాకర్. నదిలో పసుపు పచ్చటి రేసు పడవ కనిపిస్తే చాలామంది అడక్కుండానే చెప్పేస్తారు ఎవరిదో. 1923లో విల్లీ ఎంపాకర్ దాన్ని కోనిగ్స్‌బర్గ్‌లో మొదలుపెట్టాడు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఆ ఊరు సోవియట్ చేతికి పోయింది, ఇప్పుడు దాని పేరు కలినిన్‌గ్రాడ్. కుటుంబం పశ్చిమానికి వచ్చి నెకార్ నది ఒడ్డున, హైడెల్‌బర్గ్‌కి దగ్గర్లో ఉన్న ఎబర్‌బాఖ్ అనే చిన్న ఊళ్ళో మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టింది. ఇప్పటికీ అక్కడే ఉన్నారు.

ఎంపాకర్ గురించి ఒక్కటే సంగతి చెప్పమంటే నేను స్లైడింగ్ రిగ్గర్ కథ చెప్తాను. మామూలు పడవలో సీటు కదులుతుంది, రిగ్గర్లు కదలవు. తెడ్డు వేసి మళ్ళీ వేటుకి సిద్ధమయ్యేటప్పుడు 90 కిలోల మనిషి వెనక కొస వైపు జరుగుతాడు. అతను అటు జరిగితే తేలికైన పడవ ఇటు ముందుకి దూకుతుంది. మళ్ళీ అతను కాళ్ళు తన్నేటప్పుడు పడవ వేగం ఒక్కసారిగా పడిపోతుంది. అంటే పడవ ఎప్పుడూ ఒకే వేగంతో పోదు, ప్రతి వేటులోనూ వేగం పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. శక్తి వేగం ఘనంతో పోతుందని ఇందాక చెప్పాను కదా. కాబట్టి సగటు ఒకటే అయినా, ఎగుడుదిగుడుగా పోయే పడవకి ఎక్కువ శక్తి ఖర్చవుతుంది. బలం కారిపోయే చిల్లు ఇది.

మనిషిని కదలనివ్వకుండా కూర్చోబెట్టి, తేలికైన రిగ్గర్లనీ ఫుట్ స్ట్రెచర్‌నీ కలిపి ఒకే బండిలా కదిలిస్తే? కదిలే బరువు ఎన్నో రెట్లు తగ్గుతుంది, పడవ దాదాపు ఒకే వేగంతో సాఫీగా పోతుంది. ఆలోచన పాతదే. దాన్ని రేసుకి పనికొచ్చేలా చేసింది ఫోల్కర్ నోల్ట అనే బయోమెకానిక్స్ నిపుణుడు, ఎంపాకర్ కంపెనీ కలిసి. 1981 ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో పీటర్-మైకేల్ కోల్బ ఆ పడవలో సింగిల్ స్కల్స్ గెల్చాడు. రెండేళ్ళు తిరిగేసరికి ఫైనల్లో ఆరుగురూ అలాంటి పడవల్లోనే ఉన్నారు. అంతలోనే అంతర్జాతీయ సమాఖ్య దాన్ని నిషేధించింది. ఖర్చు పెరిగి పేద దేశాలు వెనకబడతాయన్నది వాళ్ళ వాదన.

ఈ నిషేధం సరైనదా అని నన్ను చాలామంది అడుగుతుంటారు. ఇంజినీరుగా నాకు బాధే. నా కళ్ళముందు భౌతికశాస్త్రం అంత స్పష్టంగా పనిచేసిన పరికరం ఇంకొకటి లేదు. కానీ మన దేశంలో రోయింగ్ క్లబ్బుల పరిస్థితి చూసినవాడిగా చెప్తున్నాను, ఆ నిషేధం మనలాంటివాళ్ళకి మేలే చేసింది. ఉన్న పడవలన్నీ ఒక్క ఏడాదిలో పాతబడిపోతే కొత్తవి కొనగలిగేవాళ్ళు ఎంతమంది? ఇప్పటి నిబంధన ఏమంటే, కొత్త పరికరం ఏది తెచ్చినా అది అందరికీ దొరకాలి, ఖర్చు విపరీతంగా పెరగకూడదు, ప్రమాదం ఉండకూడదు. అలాగే పడవ ఒంటి మీద నీటి ప్రవాహాన్ని మార్చే రసాయనాలు, సన్నటి గీతలున్న రిబ్లెట్ పొరలు పూయకూడదు. కనీస బరువులు కూడా పెట్టారు. సింగిల్‌కి 14 కిలోలు, ఇద్దరి పడవకి 27, ఎయిట్‌కి 96. అంతకన్నా తేలిగ్గా ఉంటే బరువు కట్టుకుని వేయాల్సిందే. అసలు ఇప్పటి కార్బన్‌తో 14 కన్నా తక్కువకే కట్టేయొచ్చు. మిగిలిన ఆ కొద్ది బరువుని ఎక్కడ గట్టితనం కోసం పెట్టాలన్న దగ్గరే కంపెనీల తెలివి తెలుస్తుంది.

ఇక మనిషికి పడవ కుదరడం గురించి. ఇది చాలామంది కొనేవాళ్ళు పట్టించుకోని సంగతి. ప్రతి పడవనీ ఒక సగటు బరువున్న రోయర్ కోసం గీస్తారు. అందుకే కంపెనీలు ఒకే రకం పడవని నాలుగైదు సైజుల్లో చేస్తాయి. నేను చదువుకునే రోజుల్లో హుస్సేన్ సాగర్‌లో రోయింగ్ చేసేవాణ్ణి. మేమంతా బక్కపల్చటి కుర్రాళ్ళం. మాకు దొరికింది ఎక్కడినుంచో సెకండ్ హ్యాండ్‌లో వచ్చిన పడవ, మాకన్నా పాతిక కిలోలు ఎక్కువ బరువున్నవాళ్ళ కోసం చేసింది. మేం కూర్చుంటే అది నీటి మీద ఎత్తుగా తేలేది. ట్యాంక్ బండ్ వైపు నుంచి సాయంత్రం గాలి వచ్చిందంటే కొస పక్కకి తిరిగిపోయేది. తెడ్డు నీటిలో పెట్టాలంటే చేతులు గెడ్డం దాకా ఎత్తాల్సి వచ్చేది. కోచ్ మా టెక్నిక్ బాగోలేదని రోజూ తిట్టేవారు. ఒకరోజు పెద్దాయన ఒకరు వచ్చి, స్పానర్ తీసుకుని రిగ్గర్ ఎత్తు రెండు సెంటీమీటర్లు దించారు. పది నిమిషాల పని. ఆ సాయంత్రం నుంచి మా టెక్నిక్ బాగుపడింది. పడవ సైజు ఆయన మార్చలేరు, కానీ ఉన్నదాంట్లో మనిషికి కుదిర్చారు. కొత్త పడవ కోసం లక్షలు అడిగే ముందు ఆ స్పానర్ తీయమని నేను ఇప్పటికీ క్లబ్బులకి చెప్తాను.

వ్యాపారం సంగతి కొద్దిగా చెప్పి ముగిస్తాను. ప్రపంచంలో ఈ కంపెనీలు వేళ్ళ మీద లెక్కపెట్టేన్ని. ఇటలీలో డోనొరాటికోలో ఫిలిప్పి, అమెరికాలో వెస్పోలి, ఇలా. ఎక్కువ భాగం కుటుంబాలు నడిపేవి, లేదా ఒకప్పటి రోయర్లు మొదలుపెట్టినవి. బాగా చూసుకుంటే పడవ ఏళ్ళ తరబడి పనిచేస్తుంది, కాబట్టి కొన్నవాడు మళ్ళీ త్వరగా రాడు. అందుకే పెద్ద రెగట్టాలకి కంపెనీలు పడవలు తెచ్చి అద్దెకిస్తాయి. 18 మీటర్ల ఎయిట్‌ని విమానంలో తెచ్చుకోలేరు కదా. దాన్ని రెండు ముక్కలుగా చేసి బోల్టులతో కలిపేలా కడతారు, కంటెయినర్‌లో పట్టడానికి. రేసు జరిగే చోటే వాళ్ళ రిపేరు టెంటు ఉంటుంది. పొద్దున వార్మప్‌లో గుద్దుకుని పగిలిన పడవ మధ్యాహ్నం రేసుకి సిద్ధమవుతుంది. నా దృష్టిలో కంపెనీ పేరు నిలిచేది ఆ టెంటులోనే.

ఏమన్నా అడుగుతారా? చెప్పమ్మా, వెనక వరసలో.

మన దగ్గర ఇలాంటి కంపెనీ పెట్టొచ్చా అని అడుగుతోంది ఈ అమ్మాయి. మంచి ప్రశ్న. ఒలింపిక్ సింగిల్ స్కల్‌తో మొదలుపెట్టకండి. అచ్చులకే బోలెడు డబ్బు పోతుంది, కొనేవాళ్ళు దొరకరు. 2010 ఆసియా క్రీడల్లో బజరంగ్ లాల్ తాఖర్ సింగిల్ స్కల్స్‌లో మనకి రోయింగ్‌లో మొట్టమొదటి ఆసియా బంగారు పతకం తెచ్చాడు. 2018లో నలుగురు కలిసి క్వాడ్రుపుల్ స్కల్స్‌లో ఇంకో బంగారం తెచ్చారు. అలాంటివాళ్ళు తయారయ్యేది కొత్తగా నేర్చుకునే పిల్లల్లోంచే. కొంచెం వెడల్పుగా, బోల్తా పడకుండా, రాయికి తగిలినా తట్టుకునే శిక్షణ పడవలు కావాలి. ఫైబర్ గ్లాస్‌తో చాలు. దానికన్నా ముందు రిపేరు నేర్చుకోండి. ఇప్పుడున్న కార్బన్ పడవలు చాలాచోట్ల చిన్న పగులు వచ్చిందని షెడ్డు మూల పడి ఉన్నాయి.

ఎలా మొదలుపెట్టాలో చెప్తాను, రాసుకోండి. పగులు చుట్టూ ఒక రూపాయి బిళ్ళతో తట్టుకుంటూ వెళ్ళండి. బాగున్న చోట శబ్దం గట్టిగా, స్పష్టంగా వస్తుంది. పొరలు విడిపోయిన చోట బోలుగా, మొద్దుగా వస్తుంది. ఆ బోలు చోటంతా పెన్సిల్‌తో గీత గీయండి. పైకి కనబడే పగులు రెండంగుళాలే అయినా లోపల అరడుగు విడిపోయి ఉండొచ్చు. లోపలి హనీకూంబ్ తడిసి ఉంటే ఆరేదాకా ముట్టుకోవద్దు, తేమ మీద రెసిన్ పట్టదు. ఆరాక పాడైన హనీకూంబ్ తీసి కొత్తది పెట్టండి. గరుకు కాగితంతో అంచుల్ని మెట్లు మెట్లుగా, బయటికి పోయేకొద్దీ లోతు తగ్గేలా రుద్దండి. ఒక్కో మెట్టుకీ సరిపోయే గుడ్డ ముక్క కత్తిరించి, చిన్నది ముందు, పెద్దది తర్వాత అతికించండి. వచ్చే నెల ఇక్కడి వర్క్‌షాపులో ఒక పాత డబుల్ స్కల్ మీద ఈ పని చేసి చూపిస్తాను. రావాలనుకునేవాళ్ళు పేర్లు మీ సార్‌కి ఇవ్వండి. చేతి తొడుగులు, మాస్కు తప్పకుండా తెచ్చుకోండి, కార్బన్ దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోకూడదు.